పిన్ను తియ్యని కవరు

పన్నెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి మా ఆయన నాతో అన్న మొదటి మాట, "బట్టలు బకెట్లో వేశాను, చూడు" అని.

చూశాను. చూడక ఏం చేస్తాను? ఆయన లిఫ్టులు బిగించే మెకానిక్కు. ఎక్కడో కొత్తగా కట్టిన మేడలో లిఫ్టు పెట్టాలంటే కంపెనీ ఆయన్ని పంపిస్తుంది. నెలలో ఇరవై రోజులు ఊళ్లమీదే. వచ్చేటప్పుడు రెండు జతల నీలం పనిబట్టలు, వాటినిండా నల్ల గ్రీజు తెస్తారు. అది మామూలు సబ్బుకి లొంగే రకం కాదు. ముందు మరకల మీద కిరోసిన్ గుడ్డతో రుద్దాలి, తర్వాత సలసల కాగే నీళ్లలో నానబెట్టాలి, ఆ తర్వాత గోళ్లు అరిగేదాకా బ్రష్షు కొట్టాలి. ఇంతా చేస్తే ఆరేసినప్పుడు కాలరు దగ్గర కాస్త నలుపు మిగులుతుంది. ఆయన దాన్నే వేలితో చూపించి, "ఇది పోలేదేం?" అంటారు. అయినా నిజం చెప్పొద్దూ, ఆ బట్టలంటే నాకు ఇష్టం. నానబెట్టే ముందు ఎవరూ చూడకుండా ఒకసారి మొహానికి ఆనించుకుంటాను. గ్రీజు, చెమట, బస్సు ప్రయాణం, వాటన్నిటి కింద ఎక్కడో ఆయన. పెళ్లై నాలుగేళ్లయినా నాకు ఈ పిచ్చి తగ్గలేదు. పన్నెండు రోజులూ ఆ మనిషి కోసం ఎంత ఎదురుచూస్తానో నాకు తెలుసు, ఆయనకి తెలియదు, చెబితే "చిన్నపిల్లవా?" అని నవ్వుతారు.

ఆ శనివారం పొద్దున కూడా చొక్కా అలాగే ఆనించుకున్నాను. లోపలి జేబులో ఏదో గరగరమంది. తీసి చూస్తే మందుల కవరు. ఆసుపత్రిలో ఇచ్చే ఖాకీరంగు చిన్న కాగితం కవరు. పైన నర్సమ్మ గుండ్రటి అక్షరాలతో "భర్తకి" అని రాసుంది. మూతికి కొట్టిన పిన్ను కొట్టినట్టే ఉంది.

ఆయన బాత్రూములో పాట అందుకున్నారు. వంటింట్లో అత్తయ్య గిన్నెల చప్పుడు. నేను తడిచేతులు చీరకి తుడుచుకుని, గుమ్మం పక్కనున్న ఆయన పనిముట్ల సంచీ దగ్గర కూర్చున్నాను. ఎప్పుడూ తెరిచినదాన్ని కాదు. పానాల కింద, చుట్టచుట్టిన వైరు కింద, ఇంకో రెండు కవర్లు దొరికాయి. వాటి మీదా "భర్తకి" అనే ఉంది. వాటి పిన్నులూ తియ్యలేదు. అన్నిటికన్నా పాతదాని పిన్ను తుప్పు కూడా పట్టింది.

ముందు నాకు వచ్చింది కోపం కాదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, హమ్మయ్య అనిపించింది. ఎందుకో చెప్పాలంటే ఏడాదిన్నర వెనక్కి వెళ్లాలి.

నేను చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పని చేస్తాను. కుట్టడం నా పని కాదు, తప్పులు పట్టడం నా పని. చొక్కా బల్లమీద పరిచి, కుట్టు తప్పినచోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించి, సరిచేసే సెక్షన్‌కి పంపిస్తాను. తొందరగా అందుకోవడానికి ఆ స్టిక్కర్లు ముంజేతికి వరసగా అంటించుకుంటాం. ఒక్కోసారి వాటితోనే ఇంటికొచ్చేస్తాను. కొత్తగా పెళ్లయినప్పుడు మా ఆయన ఒక్కొక్కటీ పీకి తన బుగ్గమీద, మెడమీద అంటించుకుని, "ఇక్కడేమైనా తప్పుందేమో చూడండి మేడం" అనేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

ఏడాదిన్నర కిందట నాకు కింద మంట మొదలైంది. దురద, తెల్లబట్ట పసుపుపచ్చగా అవడం, పొత్తికడుపులో లాగుతున్నట్టు నొప్పి. ఎనిమిది గంటలు నిలబడి చేసే పని నాది. తొడలు దగ్గరికి పెట్టుకుంటే బాధ, దూరంగా పెట్టుకుంటే సిగ్గు. అత్తయ్యతో చెబితే, "వేడమ్మా. ఆడవాళ్లకి మామూలే. చలవ చేసేవి తిను, తగ్గిపోతుంది" అంది. ఆయనతో ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. ఆయన దగ్గరికి తీసుకుని, తల నిమురుతారనుకున్నాను. మంచం మీద కాస్త అవతలికి జరిగారు.

"మీ ఫ్యాక్టరీలో బాత్రూములు ఎప్పుడైనా సరిగ్గా చూశావా? మూడువందల మంది ఆడవాళ్లు, నాలుగు బాత్రూములు. అక్కడే అంటించుకుని ఉంటావు. ఇంక ఇంటికి కూడా తెచ్చావు" అన్నారు.

నేను నమ్మాను. వెంటనే, ఎదురు ప్రశ్న లేకుండా నమ్మాను. ఎదుటివాళ్ల చొక్కాలో సగం దారప్పోగు ఎక్కువుంటే పట్టుకునేదాన్ని, ఇంతపెద్ద మాటని అటూ ఇటూ తిప్పి కూడా చూడలేదు. ఆ రోజునుంచి ఫ్యాక్టరీలో మంచినీళ్లు తాగడం మానేశాను. నీళ్లు తాగకపోతే బాత్రూముకి వెళ్లక్కర్లేదు కదా. పొద్దున ఇంట్లో అరగ్లాసు, సాయంత్రం ఇంటికొచ్చాక గటగటా రెండు చెంబులు. మధ్యాహ్నానికి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఎండాకాలంలో రెండుసార్లు కళ్లు తిరిగి బల్లమీద పడ్డాను. సూపర్‌వైజరు, "విశేషమా?" అని పళ్లికిలించాడు.

అంతటితో ఊరుకున్నానా అంటే, లేదు. బాత్రూములు కడిగే ఆవిడ ఒకావిడ ఉండేది. అందరం ఫినాయిలక్క అనేవాళ్లం. ఎదురుగా పిలిచినా నవ్వుతూ పలికేది. నేను ఆవిడ మీద ఫిర్యాదు రాశాను. సరిగ్గా కడగడం లేదు, మాకు జబ్బులు వస్తున్నాయి అని. మొదటి సంతకం నాది. కాగితం పట్టుకుని లైను వెంట నడిచాను. ఒక్కరైనా బతిమాలించుకుంటారనుకున్నా గాని, ఎవరూ పూర్తిగా చదవను కూడా చదవలేదు. 'జబ్బులు' అన్న మాట దాకా వచ్చి ఆగి, పెన్ను అందుకున్నారు. భోజనాల గంట కొట్టేలోగా పద్దెనిమిది సంతకాలు. వారం తిరక్కుండా ఆవిణ్ని లోపలి పనిలోంచి తీసేసి, బయట లారీలు ఆగే చోట ఊడ్చే పనికి వేశారు. అక్కడ నీడ లేదు. వెళ్లే ముందు నా బల్ల దగ్గరికి వచ్చి, చేతులు చాచి చూపించింది. వేళ్ల సందులు మందు నీళ్లకి ఒలిచినట్టు ఎర్రగా ఉన్నాయి.

"రోజుకి నాలుగుసార్లు కడిగానమ్మా. ఇంకా ఎంత కడగమంటావు?" అంది.

నేను తల ఎత్తలేదు. చేతిలో చొక్కా ఉంది కదా, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రికి మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి తీరిక లేదు. పరీక్ష చేసి, మందులు రాసి, నాకొక కవరు, మా ఆయనకొక కవరు ఇప్పించింది. ఇద్దరూ మింగాలి, వారం దూరంగా ఉండాలి, ఈసారి ఆయన్నీ తీసుకురా అంది. ఆయనకి ఇస్తే, "ఆడవాళ్ల డాక్టరు దగ్గర నాకేం పని?" అన్నారు గాని, కవరు తీసుకున్నారు. "మింగారా?" అని అడిగితే, "మింగేశాలే, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు. వారం దూరంగా ఉండటం నా వల్లా కాలేదు. ఉన్నదే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల కోసం నేను ఇరవై రోజులు బతుకుతాను, ఎలా దూరంగా ఉంటాను? ఆయన ఊరెళ్లాక నాకు తగ్గింది. ఆయన వచ్చి వెళ్లాక తిరగబెట్టింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ రెండు కవర్లు. మళ్లీ అదే వరస.

మూడోసారి వెళ్లింది ఇప్పుడు చెబుతున్న శనివారానికి రెండు వారాల ముందు. డాక్టరమ్మ గదిలో ఆవిడకి ఎదురుగా రెండు కుర్చీలుంటాయి. రెండోదాంట్లో నా చేతిసంచీ పెట్టాను. మూడుసార్లూ అదే కూర్చుంది అక్కడ. బయట వరండాలో ఒకాయన తన భార్య చీటీ పట్టుకుని, ఆవిడ పేరు పిలవగానే తనే ముందు లేచి నిలబడటం చూశాను. ఆయన జుట్టు రాలిపోయింది, చొక్కా బొత్తాం తప్పుగా పెట్టుకున్నాడు. అయినా ఆవిడ మీద నాకు ఎంత కుళ్లు పుట్టిందో చెప్పలేను.

"నీకు ఇది ఎలా వచ్చిందనుకుంటున్నావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

బాత్రూముల సంగతి చెప్పాను. నీళ్లు మానేసిన సంగతి, ఫిర్యాదు సంగతి కూడా. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"ఏడాదిన్నర నుంచి పగలంతా నీళ్లు తాగలేదా?"

"లేదండి."

"బాత్రూముల్లోంచి ఇది రాదమ్మా. బట్టల్లోంచి రాదు, నీళ్లలోంచి రాదు, వేడి వల్ల అసలే రాదు. ఇది సుఖవ్యాధి. ఉన్న మనిషితో కలిస్తే వస్తుంది, ఇంకోలా రాదు. మగవాళ్లలో చాలామందికి మంట ఉండదు, నొప్పి ఉండదు. తమకి ఉందనే తెలియదు. కాని ఇస్తూనే ఉంటారు. నువ్వొక్కదానివే ఎన్ని మందులు మింగినా, ఆయన మింగకపోతే మళ్లీ నీకు వస్తుంది. ఇలాగే వదిలేస్తే లోపలికి పాకి, పిల్లలు పుట్టే దారి మూసుకుపోతుంది."

సుఖవ్యాధి. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గాని ఆడది మాత్రం అయ్యుండదు. సుఖం ఎవరిదో, వ్యాధి ఎవరిదో ఆ మాటలో ఎక్కడా లేదు.

"ఆయన మింగారండి. నేను అడిగాను" అన్నాను.

"అయితే మంచిది. నిజంగా మింగి ఉండి, మళ్లీ వచ్చిందంటే, ఆయన..." అని ఆవిడ నా మొహం చూసి ఆగిపోయింది. "లేదంటే మింగలేదేమో. ఈసారి దగ్గరుండి మింగించు" అంది. ఆ కవరు కూడా ఆయన జేబులో వేసుకుని, "బస్సెక్కేముందు మింగుతాలే" అని ఊరెళ్లారు, ఫోన్లో అడిగితే మింగానన్నారు.

అందుకే ఆ శనివారం నాకు హమ్మయ్య అనిపించింది. ఆయన మందు మింగి, మళ్లీ మళ్లీ బయటినుంచి తెస్తున్నారేమో అని పన్నెండు రోజులుగా కుమిలిపోతున్నాను. మింగలేదు! ఇంతే కదా, మింగలేదంతే! ఆ సంతోషం ఎంతసేపుందంటే, తుప్పుపట్టిన పిన్ను నా వేలికి గుచ్చుకునేదాకా. రక్తపుచుక్క చూస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. మొదటిసారి అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఇంకా తేలనేలేదు, నేను అప్పుడే క్షమించేసి కూర్చున్నాను.

మా సెక్షన్‌లో ఒక పద్ధతి ఉంది. ఒకే తప్పు వరసగా మూడు చొక్కాల్లో కనిపిస్తే, ఇక చొక్కాకి స్టిక్కరు అంటించకూడదు. లేచి వెళ్లి మెషీను ఆపించాలి. సూది వంగిందో, గుడ్డని ముందుకి జరిపే కింది పళ్లు అరిగాయో చూడాలి. ఆ పద్ధతి కొత్తగా వచ్చిన పిల్లలందరికీ నేర్పేది నేనే.

మూడు కవర్లూ తీసుకెళ్లి భోజనాల బల్లమీద, ఆయన కంచం పక్కన వరసగా పెట్టాను. పక్కనే మంచినీళ్ల గ్లాసు పెట్టాను. ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు.

"ఏంటివి?"

"మీవే. పైన రాసుంది చూడండి."

"నా సంచీ ఎందుకు తీశావు?"

"మింగానన్నారు."

"నువ్వు బాధపడతావని అన్నాను. లేని రోగానికి మందెందుకు మింగాలి? నాకేమైనా మంటా? నొప్పా? నిక్షేపంలా ఉన్నాను."

"మీకుండదట. నాకుంటుందట."

"మీ ఫ్యాక్టరీలో..."

"అక్కణ్నుంచి రాదు. డాక్టరమ్మ చెప్పింది. మనిషినుంచే వస్తుంది. నాకు మీరు తప్ప ఇంకో మనిషి లేరు. మరి మీకు?"

ఆయన జుట్టులోంచి నీళ్లు బొట్లుబొట్లుగా కంచంలో పడుతున్నాయి. అత్తయ్య గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నన్ను అనుమానిస్తున్నావా?"

"అడుగుతున్నాను."

"ఎప్పుడో ఒకసారి. పెళ్లికి ముందో, తర్వాతో, గుర్తు కూడా లేదు. ఊళ్లు తిరిగేవాళ్లం, నలుగురితో పాటు... అదేం లెక్కలోది కాదు. ఇప్పుడు ఏం లేదు. ఇంతదానికి పొద్దున్నే పంచాయితీ పెట్టాలా?"

గుర్తు కూడా లేదట. ఆయన వచ్చిన ప్రతి తేదీ, వెళ్లిన ప్రతి బస్సు, పోయినసారి వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి చూశారా లేదా అన్నది కూడా నాకు గుర్తుంది. ఆ ఎవరో ఆడమనిషి గురించి నేననుకున్నంత ఏడుపు రాలేదు. నన్ను కోసింది ఏంటంటే, ఈ మూడో కవరు పన్నెండు రోజులు ఆయన గుండె మీది జేబులోనే ఉంది. ఎక్కడో ఒకచోట టీ తాగుతూ, ఒక గుక్క నీళ్లతో మింగేసి ఉండొచ్చు. నా కోసం చెయ్యాల్సింది ఆ ఒక్క గుక్కే. అది కూడా అనిపించలేదు.

ఆయన విసురుగా ఒక కవరు చింపి, మాత్రలు నోట్లో వేసుకుని గ్లాసెత్తారు. నోరు తెరిచి చూపించారు. "చాలా? ఇంక ఆ మొహం మార్చు" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. స్నానం చేసిన చెయ్యి, చల్లగా ఉంది. నా ఒళ్లంతా ఆ చేతి వైపే వెళ్లిపోయింది. చెయ్యి విడిపించుకోవడానికి నాకు ఎంత బలం కావలసి వచ్చిందో ఆయనకి ఎప్పటికీ తెలియదు.

"వారం" అన్నాను.

"నాలుగు రోజుల్లో వెళ్లిపోతాను."

"తెలుసు. ఈసారి వచ్చేటప్పుడు పరీక్ష చేయించుకుని, కాగితం తీసుకుని రండి. అది చూసేదాకా నా పక్క హాల్లోనే. ఆ తర్వాత కూడా, ఊళ్లమీద మీరేం చేస్తారో నాకు తెలియదు కాబట్టి, నిరోధ్ ఉండాల్సిందే."

ఆ మాట అత్తయ్య వింటుండగా అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన కంచం తోసేసి, "నువ్వు చాలా మారిపోయావు" అని చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయారు.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పుడు నాకు అక్షింతలు పడతాయనుకున్నాను. ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని, మిగిలిన రెండు కవర్లలో ఒకదాన్ని తీసి, పిన్ను మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది.

"మీ మామయ్య కూడా ఊళ్లు తిరిగిన మనిషే" అంది. "నాకు వీడికన్నా ముందు ఇద్దరు పోయారమ్మా. ఒకడు కడుపులోనే. ఒకడు పుట్టి, వారమున్నాడు. వేడి అన్నారు. నా ఒంటి వేడికి పిల్లలు నిలవడం లేదని మా అత్తగారు ఏడాదిపాటు చద్దన్నమే పెట్టింది. నేనూ అదే నమ్మాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. తర్వాత బట్టలకని కాచిన నీళ్లు చల్లారిపోతున్నాయని గుర్తొచ్చి లేవబోతే, ఆవిడ నన్ను కూర్చోబెట్టింది. "ఉండనీ. వాడి బట్టలు వాడే ఉతుక్కుంటాడు" అంది.

ఆ నాలుగు రోజులూ నేను హాల్లో అత్తయ్య పక్కన చాప వేసుకున్నాను. తలుపు అవతల ఆయన దగ్గు, ఆయన మంచం కిర్రుమనడం వినిపించేవి. లేచి వెళ్లాలని ఎంత ఉండేదో! కోపం ఉంటే కోరిక పోతుందనుకునేదాన్ని. అదేం లేదు, రెండూ పక్కపక్కనే పడుకుంటాయి. నాకు కావలసింది ఆయనే. కాని నన్ను చూడగానే బకెట్టు గుర్తురాని ఆయన. ఆసుపత్రి వరండాలో నా చీటీ పట్టుకుని నిలబడే ఆయన. అలాంటి మనిషి ఆయన లోపల ఉన్నాడో లేడో కాగితం తెచ్చిన రోజు తెలుస్తుంది. తేకపోయినా తెలుస్తుంది.

సోమవారం పొద్దున లీటరు సీసానిండా నీళ్లు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు దాటగానే, రోజూ తల దించుకుని నడిచే చోట ఆగాను. ఫినాయిలక్క ఎండలో దారపు తుక్కు కుప్పలు పోస్తోంది. మొహం నల్లగా కమిలిపోయింది.

"అక్కా, తప్పు నాది. ఆ జబ్బు నువ్వు కడిగినచోట నుంచి రాలేదు."

ఆవిడ చీపురు ఆపలేదు. "అది నాకెప్పుడో తెలుసమ్మా. నాకు చెబితే ఏం లాభం? ఆ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లకి ఎవరు చెబుతారు?"

భోజనాల గంట కొట్టాక, అందరూ డబ్బాలు తెరుస్తుండగా లేచి నిలబడ్డాను. చేతిలో కొత్త కాగితం ఉంది, ఫినాయిలక్కని లోపలి పనికి తీసుకోమని. ముందు సీసా ఎత్తి, అందరూ చూస్తుండగా, సగం దాకా తాగాను. అంత తియ్యటి నీళ్లు నేనెప్పుడూ తాగలేదు.

"పోయినేడు మీచేత సంతకాలు పెట్టించాను కదా. నాకు జబ్బు బాత్రూము నుంచి రాలేదు. మా ఆయన నుంచి వచ్చింది. సుఖవ్యాధి. మూడుసార్లు మందు మింగాను, ఆయన ఒక్కసారీ మింగలేదు. ఫినాయిలక్క తప్పేం లేదు. దీని మీద ఇష్టమున్నవాళ్లు సంతకం పెట్టండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను కూర్చుని, తల దించుకుని డబ్బా మూత తీశాను. అన్నం కనిపించడం లేదు, కళ్లనిండా నీళ్లు.

కాసేపటికి పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. కాలర్లు కుట్టే పెద్దావిడ, పాత కాగితం మీద రెండో సంతకం ఆవిడది. పెన్ను అందుకుని, కాగితం మీదికి వంగి, సంతకం పెడుతున్నట్టే ఉండి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది?"

చెప్పాను. ఆవిడ వెళ్లేలోగా వెనక ఇంకొకావిడ, ఆవిడ వెనక బొత్తాలు కుట్టే అమ్మాయి. అందరిదీ అదే ప్రశ్న. పోయినేడు నేను అడగ్గానే, పూర్తిగా చదవకుండానే, పద్దెనిమిది సంతకాలు అంత తొందరగా ఎందుకు పడ్డాయో అప్పుడు అర్థమైంది.